పట్టా ముక్క, సుద్దముక్క

ఖరగ్‌పూర్‌లో రైల్వేవాళ్లుండే మా ఓల్డ్ సెటిల్‌మెంట్‌లో ఎవరి మాటనైనా కాదనొచ్చు గాని, గణపతిరావు మావయ్య చెవిని మాత్రం కాదనడానికి లేదు. కొత్త కుండ కొన్నా, ఫ్యాను గరగరలాడినా, స్కూటరు ఇంజను దగ్గినా ఆయన్నే పిలిచేవారు. ఆయన తల కాస్త పక్కకు వాల్చి విని, "బాగున్నాది" అంటే బాగున్నట్టు. "ఇది సిక్కు" అన్నాడంటే ఇక దాని పని అయిపోయినట్టే.

ఈ సిక్కు సంగతి ముందు చెప్పాలి. రైల్వేలో పాడైన బోగీని సిక్ అంటారు. దాని మీద సుద్దతో గుర్తు వేసి, బండిలోంచి విప్పి, సిక్ లైనుకు తోస్తారు. శ్రీకాకుళం వైపు నుంచి పనికోసం వచ్చిన మా తాతల నోట్లో చిక్కు ఎలాగూ సిక్కే. అందుకని మా కాలనీలో ఇంగ్లీషు సిక్కూ తెలుగు చిక్కూ కలిసి ఒకటే మాటైపోయాయి. పాలు విరిగినా సిక్కే, సంబంధం తప్పిపోయినా సిక్కే.

మావయ్య ముప్పై నాలుగేళ్లు చేసిన ఉద్యోగం చక్రాలను కొట్టడం. బండి ఖరగ్‌పూర్ ప్లాట్‌ఫారం మీద ఆగగానే పొడుగు పిడి సుత్తి పట్టుకుని ఒక్కో చక్రాన్నీ కొట్టుకుంటూ నడిచేవాడు. మంచి చక్రం ఖంగుమంటుంది. పగులున్నది దబ్బుమంటుంది. అంతే విద్య. ఇరవై రెండేళ్ల కిందట ఒక ఎక్స్‌ప్రెస్‌ను ఇలాగే ఆపేశాడు. ఒక ఆఫీసరు దిగి వచ్చి తనూ సుత్తితో కొట్టి, "కుఛ్ నహీ హై", ఏమీ లేదు పొమ్మన్నాడట. మావయ్య మాట్లాడకుండా బోగీ మీద సుద్దతో సిక్ అని రాసి, దాని పక్కనే నిలబడ్డాడట. చివరికి బోగీ విప్పారు. వర్క్‌షాపుకు తీసుకెళ్లి చూస్తే చక్రంలో వెంట్రుక వాసి పగులు. ఆ రోజు రైల్వే ఇచ్చిన కాగితం ఫ్రేము కట్టి ఇప్పటికీ దేవుడి పటాల పక్కనే ఉంది. దీపం దానిక్కూడా పెడతారు.

నేను వాళ్ల పక్క క్వార్టరులో పెరిగాను. పేరు వాసుదేవ్, వర్క్‌షాపు స్టోర్సులో పని. అమ్మవారి పండగ ఐదు రోజులూ మైకు ముందు నిలబడి వాగేది నేనే. కాబట్టి పోయినేడు పండగలో మైకు సెట్టు పొగలు కక్కినప్పుడు నా మాట సగంలో ఆగిపోయింది. జనం చప్పట్లు కొట్టారు. ఎందుకు కొట్టారో నేను ఇప్పటికీ అడగలేదు.

ఆ పొగకు కారణం మా కమిటీ ప్రెసిడెంటు వినోద్. కుర్రతనం పోయి ముప్పై ఐదు దాటినా చప్పుడు మీద మోజు పోలేదు. రెండు స్పీకరు బాక్సులు ఉన్నచోట మరో రెండు తెచ్చి కలిపాడు. ఆంప్లిఫయర్ అంటే ఇంజను, బాక్సులు బోగీలు అని మావాళ్ల లెక్క. ఆ లెక్క కొంతవరకు సరైనదే. కానీ బాక్సు మీద ఎనిమిది ఓములు అని రాసి ఉంటుంది. పక్కపక్కన రెండు కలిపితే నాలుగు, నాలుగు కలిపితే రెండు. అంకె తగ్గేకొద్దీ ఇంజను మీద బరువు పెరుగుతుంది. బోగీలు పెరిగితే బరువు పెరగడం పుట్టుకతో తెలిసిన ఊరు మాది. అంకె తగ్గితే బరువు పెరగడం మాత్రం ఎవరి తలకీ ఎక్కలేదు. "ఎనిమిది నుంచి రెండుకి దిగిపోనాది కదా, ఇంకా తేలికే మావా" అని వినోద్ నాతో అన్నాడు. నేనూ తల ఊపాను. పావుగంటలో కాలిన వాసన వచ్చింది.

అందుకని ఈ ఏడు కొత్త ఆంప్లిఫయర్ కొనాలి. పండగ రెండు వారాల్లో ఉంది. గోల్ బజారులో మైకు సామాను అమ్మే బాలసుబ్రహ్మణ్యం గారు ఆదివారం పొద్దున్నే రెండు ఆంప్లిఫయర్లు టోటో అనే బ్యాటరీ రిక్షాలో వేసుకుని అమ్మవారి గుడి ముందుకు తెచ్చాడు. వాళ్ల నాన్నగారు రాజమండ్రి నుంచి వచ్చి పెట్టిన కొట్టు అది. ఈయన నెమ్మదస్తుడు. గట్టిగా మాట్లాడగా ఎవరూ వినలేదు. చప్పుడు అమ్ముకునే మనిషికి అంత చిన్న గొంతేమిటని మేం నవ్వుకునేవాళ్లం.

ఒకటి పలచగా, తేలిగ్గా ఉంది. దాని పెట్టె మీద నాలుగు వేల వాట్లని ఎర్ర అక్షరాలు. రెండోది ఇద్దరు పట్టుకుని దించాల్సినంత బరువు, దాని మీద పదహారు వందలనే ఉంది. వినోద్ చూపు నాలుగు వేల దగ్గర అతుక్కుపోయింది.

"అది ఒక్క క్షణం తన్నితే వచ్చే అంకెండి," అన్నాడు బాలసుబ్రహ్మణ్యం. "ఐదు రోజుల పండగకి గంటల తరబడి ఎంత ఇస్తుందో చూసుకోవాలండి. బాక్సు మోయగలిగే దానికంటే ఆంప్లిఫయరు కొంచెం పెద్దదిగానే ఉండాలి. చిన్నది కొంటే బాక్సులు భద్రమనుకుంటారు గానీ, దాన్ని గొంతు చించుకునేదాకా తిప్పుతారు కదండీ, అప్పుడు శబ్దం తల తెగిపోతుంది. ఆ తెగిన శబ్దమే బాక్సుల్ని కాల్చేది."

నిండుకుండ తొణకదంటారే, ఆ మాటే ఆయన వాట్లలో చెప్పాడు. మాకేం అర్థం కాలేదు.

"సావుకారూ, మాకు ఇదంతా సెప్పడం సెవిటోడి ముందు శంకం ఊదినట్టే," అన్నాడు వినోద్. "మా గణపతి మావ సెవున్నాది, అది సాలు."

అందరం నవ్వాం. మావయ్య అందరికంటే గట్టిగా నవ్వాడు.

ఆయన పరీక్ష మా కాలనీకంతా తెలుసు. జానెడు రైలు పట్టా ముక్కకు తాడు కట్టి, మైకు ముందు వేలాడదీసి, పాత సుత్తితో ఒక్క దెబ్బ వేస్తాడు. దెబ్బ తగిలిన ఆ మొదటి క్షణం పూర్తిగా బయటికొచ్చి, వెనక ఖంగుమనే మోత సాగితే ఆంప్లిఫయర్ మంచిది. మొదటి దెబ్బ చదునై మోత చచ్చిపోతే, దానికి ఊపిరి చాలదన్నమాట. పదకొండేళ్ల కిందట పాతదాన్ని ఇలాగే ఎంచాడు. వినోద్ చేతిలో పడేదాకా అది బాగానే పాడింది. ఆ తర్వాత ఏటా పండగ మొదలుపెట్టే మూడు దెబ్బలకు తప్ప ఆ ముక్క బయటికి రాలేదు, డప్పుల హోరులో అది ఎలా మోగుతోందో ఎవరూ పట్టించుకోలేదు.

మొదటి ఆంప్లిఫయర్‌కు తీగలు కలిపారు. మావయ్య కొట్టాడు. తల పక్కకు వాల్చాడు. "పగిలినాది," అన్నాడు. రెండోదానికి మార్చారు. కొట్టాడు. ఈసారి తల వాల్చి చాలాసేపు ఉన్నాడు. మళ్లీ కొట్టాడు.

"ఇదీ పగిలినాది."

బాలసుబ్రహ్మణ్యం ముఖం పాలిపోయింది. "మరోసారి చూడండి గణపతిరావు గారూ. ఇది నేను దగ్గరుండి ఎంచి తెచ్చిన సరుకండి."

"ముప్పై నాలుగేళ్లు కొట్టినాను నాను. నాకు సెప్తావేటి? అమ్మోరి కాడికి నాసిరకం సరుకు తెస్తావా సావుకారూ? మీ అయ్య ఇలగ సేసినాడా ఎప్పుడైనా?"

అని జేబులోంచి సుద్దముక్క తీసి రెండు పెట్టెల మీదా సిక్ అని రాశాడు.

నిజం చెప్పేస్తాను. రెండోది నాకు గుడిగంటలా వినిపించింది. కానీ ఎక్స్‌ప్రెస్ ఆపిన చెవి ఎక్కడ, స్టోర్సులో నట్లు లెక్కపెట్టే నా చెవి ఎక్కడ? నోరు మూసుకున్నాను. తర్వాత అడిగితే అక్కడున్న సగంమంది అలాగే నోరు మూసుకున్నారని తేలింది. మా అందరికీ చెవులున్నాయి, వాటి మీద నమ్మకం లేదు. బాలసుబ్రహ్మణ్యం పెట్టెలు టోటోలో ఎక్కించుకుని, సుద్ద రాత బయటికి కనపడుతుండగానే బజారు దాకా వెళ్లాడు.

మంచి మాట నడుస్తుంది, చెడ్డ మాట రైలెక్కుతుంది. సుభాష్‌పల్లి క్లబ్బు బెంగాలీ దాదాలు, అంటే అన్నలు, ఆయనకిచ్చిన దుర్గాపూజ మైకుల ఆర్డరు వెనక్కి తీసుకున్నారు. "గణపతి దా సిక్ లిఖ్ దియా", గణపతి అన్న సిక్ రాసేశాడని బజారంతా పాకింది. వారం నడుమకల్లా ఆ కొట్టు ముందు ఈగలు తప్ప ఎవరూ లేరు.

గురువారం పొద్దున నేను సుభాష్‌పల్లి వెళ్లాను. రిటైరయ్యాక మావయ్యా అప్పలకొండ అత్తా అక్కడ రెండు గదుల ఇల్లు కట్టుకున్నారు. కోల్‌కతా వెళ్లి వేరే ఆంప్లిఫయర్ చూద్దాం రమ్మని మావయ్య కబురు చేశాడు. నేను వెళ్లేసరికి వరండాలో కూర్చుని పట్టా ముక్కను గుడ్డతో తుడుస్తున్నాడు. వంటింట్లో కుక్కరు ఈల వేసింది. అత్త పెరట్లోంచి కేక పెట్టింది.

"ఓ అయ్యా, కుక్కరు కట్టెయ్యి! పిలిస్తే పలకవేటి?"

"కూసినప్పుడు కట్టేస్తాన్లే," అన్నాడు మావయ్య.

అప్పటికది మూడుసార్లు కూసింది.

మావయ్య తాడు పట్టుకుని ముక్కను ఎత్తాడు, వెళ్లేముందు ఓసారి చూసుకుందామన్నట్టు. కొట్టాడు. ముఖం చిట్లించాడు. ముక్కను తిప్పి ఎండలో పట్టి, గోటితో అంచంతా గీరుతూ వెతికాడు.

"వాసూ, ఈ ముక్క కూడా పగిలిపోనాదిరా. అందుకే ఆ రోజు రెండూ అలగ పలికినాయి. తప్పు సావుకారుది కాదు, ఈ ముక్కది."

ఆ ముక్క మోత ఇంకా వరండాలో తిరుగుతూనే ఉంది. నా చెవుల్లో జుమ్మంటోంది. ఈసారి నోరు మూసుకోలేకపోయాను.

"మావయ్యా, గంటలాగ మోగుతున్నాది."

ఆయన నాకేసి చూశాడు. మళ్లీ కొట్టాడు. నా ముఖంలోకే చూస్తున్నాడు. లోపల కుక్కరు నాలుగోసారి ఈల వేసింది. నేను అటు తల తిప్పాను. ఆయన తిప్పలేదు. నేను ఎందుకు తల తిప్పానో ఆయనకు అర్థమైంది. సుత్తి ఒళ్లో పెట్టుకున్నాడు.

అత్త కొంగుతో చేతులు తుడుచుకుంటూ వచ్చి గుమ్మంలో నిలబడిపోయింది. "రెండేళ్ల నుంచీ కుక్కరు కట్టడు. బద్దకమనుకున్నాను," అంది నాతో. తర్వాత ఆయన పక్కన కూర్చుని, కాస్త గట్టిగా, "బద్దకమనుకున్నానయ్యా" అంది. మనుషుల మాటలు ఆయనకు బాగానే అందుతాయి. సన్నని పైశబ్దాలే పోయాయి, కుక్కరు కూతా ఖంగుమనే మోతా అందులోవే. ఇంజను కూతల మధ్య, సుత్తి దెబ్బల మధ్య ముప్పై నాలుగేళ్లు తిరిగిన చెవి కొంచెం కొంచెంగా అరిగిపోతే, ఎవరికి తెలుస్తుంది?

మావయ్య లోపలి గోడకేసి చూశాడు. ఫ్రేము కట్టిన కాగితం అక్కడ నుంచి కనిపిస్తుంది.

"ఇది బయటపడితే, ఆ రోజు బండి ఆపింది కూడా సెవిటితనమే అంటార్రా."

"పగులు కళ్లతో సూసినారు కదా మావయ్యా."

"సూసినోళ్లు ఎంతమంది మిగిలినారు? నాకున్నది అదొక్కటేరా."

అదొక్కటే. కొడుకులు లేరు, కూతుళ్లు లేరు, పొలం లేదు. చెవి ఒకటి, దాని పేరు ఒకటి. ఇప్పుడు చెవి పోయింది, పేరు మిగిలింది. నోరు మూసుకుంటే ఆ పేరు ఆయన బతికినన్నాళ్లూ ఉంటుంది. బాలసుబ్రహ్మణ్యం కొట్టు ఉండదు. నేను ఆయన్ని ఏమీ అడగలేదు. ఆయన అన్నం తినలేదు. సాయంత్రం నాలుగింటికి చొక్కా వేసుకుని, "గోల్ బజారు ఎల్దాం రా" అన్నాడు.

కొట్లో బాలసుబ్రహ్మణ్యం ఒక్కడే ఉన్నాడు. రెండు పెట్టెలూ మూలన ఉన్నాయి, సుద్ద చెరపలేదు. మావయ్య నిలబడే చెప్పాడు.

"సావుకారూ, సరుకు మంచిదే. నా సెవే పోనాది. తప్పైపోనాది."

బాలసుబ్రహ్మణ్యం కుర్చీ లాగి మావయ్యకు వేశాడు. గొంతు ఎప్పటిలాగే చిన్నది.

"మా నాన్నగారి పేరెత్తారండి మీరు, అంతమంది ముందు. ఇప్పుడు నా ఒక్కడి ముందు చెబితే సరిపోతుందాండి?"

మావయ్య తల వంచుకున్నాడు. "సరిపోదు. ఆదివారం రెండూ మళ్లీ గుడి కాడికి తేగలవా?"

ఆదివారం మొదటిసారికంటే ఎక్కువ మంది వచ్చారు. గణపతిరావు మళ్లీ పరీక్ష పెడుతున్నాడంటే సుభాష్‌పల్లి క్లబ్బు వాళ్లూ వచ్చారు. ఆడవాళ్లు ముందు వరసల్లో, అప్పలకొండ అత్త వాళ్ల మధ్యలో. మావయ్య తెల్లచొక్కా వేసుకుని వచ్చాడు. మైకు ఇవ్వబోతే వద్దన్నాడు. పెట్టెల దగ్గరికి వెళ్లి, భుజం మీది తువ్వాలుతో రెండింటి మీదా సిక్ అన్న రాతను చెరిపాడు. తర్వాత సుద్దముక్క తీసి, గడ్డం గుండెకానించి వంగి చూసుకుంటూ, తన చొక్కా మీద ఎడమవైపు సిక్ అని రాసుకున్నాడు. తెల్లచొక్కా మీద తెల్లసుద్ద. దగ్గరున్నవాళ్లకు కూడా సరిగ్గా కనపడలేదు. అందుకని నోటితో చెప్పాల్సి వచ్చింది.

"పగిలింది ఆంప్లీ కాదర్రా. నా సెవి. సన్నని సప్పుడు నాకు ఇనబడదు, రెండేళ్లయినాది. సావుకారు సరుకు మంచిది. నాను అబద్దం పలికినాను, తెలిసి కాదు, అయినా అబద్దమే. ఆ రోజు బండి మాట మీరేటనుకుంటారో మీ ఇష్టం."

శంఖం మాట అన్న వినోద్ నేలచూపులు చూస్తున్నాడు. బాలసుబ్రహ్మణ్యం నెమ్మదిగా ముందుకొచ్చాడు.

"నేను రైల్వే మనిషిని కానండి, తెలియక అడుగుతున్నాను. సిక్ రాసిన బోగీని తుక్కుకి వేసేస్తారాండి?"

"తుక్కుకెందుకేస్తారు?" మావయ్యకు ఉద్యోగం గుర్తొచ్చింది. "సిక్ లైనులో బాగుసేసి మళ్లీ బండికి తగిలిస్తారు."

"అయితే కొట్టండి. ఏది తీసుకోమంటారో మీరే చెప్పాలండి."

మావయ్య అయోమయంగా చూశాడు. "ఇనబడదని సెప్పినాను కదయ్యా."

"ఇంతమందికి వినపడుతుంది కదండీ."

పలచటి నాలుగు వేలదానికి తీగలు కలిపారు. మావయ్య పట్టా ముక్క ఎత్తాడు. ఇదివరకు కొట్టేటప్పుడు ఆయన కళ్లు మూసుకునేవాడు. ఈసారి తల వాల్చలేదు, కళ్లు మూయలేదు, జనానికేసి తిరిగి నిలబడ్డాడు. కొట్టాడు. గట్టిగానే పలికింది. జనం వింటున్నారు, అంతే. తీగలు బరువుదానికి మార్చారు. కొట్టాడు.

ముందు వరసలో ఆడవాళ్లందరి రెప్పలూ ఒక్కసారి టపటపలాడాయి. మా అత్త రెప్పలూ. క్లబ్బు దాదా ఒకడు భుజం ఎగరేశాడు. మూడో వరసలో తల్లి ఒళ్లో నిద్రపోతున్న పిల్ల ఉలిక్కిపడి లేచింది. ఆ తర్వాత మోత సాగింది, సాగుతూనే ఉంది. మావయ్య ఆ ముఖాలను ఈ చివర నుంచి ఆ చివరదాకా చూసుకుంటూ పోయాడు, ప్లాట్‌ఫారం మీద బండిని చూసినట్టు.

"ఇదే," అన్నాడు. "దెబ్బ తెగలేదు. ఇదే తీసుకోండి."

"నిజమే మావా, గంటలాగున్నాది," అన్నాడు వినోద్. "ఇనబడకుండా ఎలగ సెప్పినావు?"

"నాకు ఇనబడ్నేదురా. మీకు ఇనబడ్డం కనబడినాది."

క్లబ్బు దాదాలు అక్కడికక్కడే బాలసుబ్రహ్మణ్యాన్ని పక్కకు పిలిచి మాట్లాడుకున్నారు. ఆయన తిరిగొచ్చి, మావయ్య భుజం మీది తువ్వాలు తీసుకుని, చొక్కా మీది సుద్దను తనే దులిపేశాడు. ఎక్స్‌ప్రెస్ సంగతి ఎవరూ ఎత్తలేదు. ఎత్తుతారని మావయ్య వారం రోజులు ఎదురుచూశాడని అత్త తర్వాత చెప్పింది. కాగితం గోడ మీదే ఉంది, దీపం వెలుగుతూనే ఉంది.

పండగలో నాలుగు బాక్సులూ కలిపాం, రెండేసి చొప్పున, అంకె నాలుగుకంటే కిందికి దిగకుండా బాలసుబ్రహ్మణ్యం దగ్గరుండి చూశాడు. మావయ్యకు ఆంప్లిఫయర్ పక్కన కుర్చీ వేస్తే అక్కడ కూర్చోలేదు. కుర్చీ తెచ్చుకుని జనానికి ఎదురుగా, మాకు వీపు పెట్టి కూర్చున్నాడు. వెనక వరస వాళ్లు మెడలు చాస్తే చెయ్యి పైకెత్తేవాడు, ముందు వాళ్లు మొహాలు ముడిస్తే కిందికి దించేవాడు. చప్పుళ్ల మధ్య వర్క్‌షాపులో వాడే సైగలవి, ఆంప్లిఫయర్ మీట తిప్పే వినోద్‌కు బాగా తెలుసు. నేను దాతల పేర్లు చదువుతూ నా సొంత కవిత్వం అందుకుంటే, వెనక్కి తిరగకుండానే గాలిలో సిక్ అని రాసేవాడు. జనం నవ్వేవారు. ఆ గుర్తు పడ్డాక బండి ఆపక తప్పదు కదా, ఆపేసేవాణ్ణి.

మా పండగ మొదలయ్యేది ఆ పట్టా ముక్క మీద మూడు దెబ్బలతోనే, మా తాతల కాలం నుంచీ. మొదటి రోజు పొద్దున ఈసారి ఎవరు కొట్టాలని వినోద్ నసుగుతుంటే, మావయ్య సుత్తి తీసుకుని మైకు ముందుకు వచ్చాడు. జనంలో వెతికి అప్పలకొండ అత్త ఎక్కడుందో చూసుకున్నాడు. మొదటి దెబ్బ వేసి ఆగాడు.

అత్త రెప్ప వేసింది. అది చూసుకుని రెండో దెబ్బ కొట్టాడు.